మెట్లు దిగే చప్పుడు

మెట్ల మీద అడుగుల చప్పుడు విని తల్లి పొయ్యి దగ్గర నుంచే కేక పెట్టింది.

“పెద్దదానా, దిగేటప్పుడు ఆ చంటిదాని దుప్పటి పట్టుకురావే. ఎండలో వేస్తాను.”

పెద్దది మెట్ల మీద లేదు. తల్లి వెనకాలే, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తన చంటిదాన్ని భుజాన వేసుకుని వీపు నిమురుతోంది.

“నేనిక్కడే ఉన్నానమ్మా.”

తల్లి ఉలిక్కిపడి తిరిగి చూసింది. “నువ్విక్కడుంటే ఆ దిగేదెవరే? అచ్చం నీ అడుగే. చెవులు కూడా ముసలివైపోయాయి కాబోలు నాకు.”

ఇద్దరూ చెవులు రిక్కించారు.

ఒక అడుగు. కాస్త ఆగడం. గోడకు అరచెయ్యి రాసుకుంటున్న చప్పుడు. మళ్ళీ ఒక అడుగు.

ఇంట్లో పెద్దదయినా, బయట బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లలందరికీ ఆమె కోచక్కే. మోకాలు పోయి ఆట మానుకున్న దగ్గర నుంచి ఆమె మెట్లు దిగే తీరు అది. ఆ ఇంట్లో అలా దిగే మనిషి ఇంకొకరు లేరు.

చంటిదాన్ని ఎత్తుకునే ముందుగదిలోకి వచ్చింది.

మెట్ల మలుపులో చెల్లెలు కనిపించింది. అక్కను చూసిందో లేదో, గోడ మీది చెయ్యి చటుక్కున తీసేసి, మిగిలిన మెట్లన్నీ ఒక్క దూకులో దాటి కింద నిలబడింది. నడక వచ్చినప్పటి నుంచీ దానిది అదే వరస. అందుకే దాన్ని అందరూ మిడత అంటారు.

“కాలికేమయింది?” అంది కోచక్క.

“కాలికేమవుతుంది? కాలు కాల్లాగే ఉంది.”

“మరి గోడ పట్టుకుని దిగుతున్నావు?”

“నిద్రమత్తు, కోచ్.”

ఇంట్లో కూడా కోచ్ అనడం మొదలుపెట్టి వారమయింది. పోయిన మ్యాచ్‌లో, ఆట మంచి పట్టు మీద ఉండగా, కోచక్క మిడతను కోర్టులోంచి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది. పరుగు తడబడుతోంది, కాసేపు ఊపిరి పీల్చుకోనీ అనుకుంది. ఆ కాసేపట్లోనే మ్యాచ్ పోయింది. అంతే, ఆ రోజు నుంచి మిడత నోట అక్కా అన్న మాట లేదు. అక్క వడ్డిస్తే తినదు. అక్క గదిలోకి వస్తే తను బయటికి పోతుంది.

“బావ చూశాడా?”

“చూశాడు.”

“ఏమన్నాడు?”

“నన్నడుగుతావేం? మీ ఆయనే కదా. అడుగు.”

మిడత వంటింట్లోకి వెళ్ళి నిలబడే పాలు తాగింది. కుర్చీ లాక్కోలేదు. కూర్చుంటే లేవాల్సి వస్తుంది కదా అని కోచక్కకు అనిపించింది. అనిపించినదాన్ని అక్కడే మింగేసింది. రాత్రంతా చంటిదానికి ఒళ్ళు వెచ్చగా ఉండి తనకు కంటి మీద కునుకు లేదు. నిద్ర లేని కళ్ళకు తాడు కూడా పామే.

“ఏమే, పొద్దున్నే మొదలుపెట్టావా?” తల్లి గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. “ఇవాళ దాని మ్యాచే. జాతీయ జట్టుకు పిల్లల్ని ఏరుకునే పెద్దలు వస్తున్నారే. ఇవాళైనా దాన్ని ఆడనిస్తావా, మళ్ళీ బెంచీకి కాపలా పెడతావా?”

“కాలు బాగుంటే ఆడుతుందమ్మా.”

“బాగుందని అది చెబుతోంది. బాగుందని నీ మొగుడు చెబుతున్నాడు. బాగులేదని చెప్పేది నువ్వొక్కదానివే. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!”

“నేను దాని కాలు చూడాలి.”

“ఎందుకు చూడాలి? నీ మోకాలు పోయిందని లోకంలో ఆడపిల్లల మోకాళ్ళన్నింటికీ కావలి కాస్తావా?”

“కాస్తాను.”

“కాయి. కాసీ కాసీ వాళ్ళందరినీ ఇంట్లో కూర్చోబెట్టు.” తల్లి గరిటె పెద్దదాని వైపు చూపింది. “నీకు దక్కనిది దానికి దక్కుతుందనేగా నీ బాధ?”

పాలు పొంగి పొయ్యి మీద పడి మాడు వాసన వచ్చాక తల్లే పరిగెత్తింది.

మిడత గ్లాసు కడిగి బోర్లించింది. అక్క ముఖంలోకి చూడలేదు. కానీ అమ్మ అన్న ఆ మాట దానికీ తగిలినట్టే ఉంది. వెళుతూ వెళుతూ చంటిదాని పాదం పట్టుకుని మెల్లగా ఊపింది.

“దీనికి ఒళ్ళు కాలుతోంది” అంది, ఎవరితోనో అన్నట్టు.

*

కోచక్క భర్త ఆ జట్టుకే ఫిజియో. ఆటలో బెణికిన కాళ్ళూ, పట్టేసిన నడుములూ సరిచేయడం ఆయన పని. “ఆయన కోచక్క ముఖం కంటే ముందు మోకాలు చూశాడు” అని పిల్లలు వెనకాల నవ్వుకుంటారు. అందులో అబద్ధం లేదు. ఆమె ఆఖరి మ్యాచ్ ఆడిన రోజుకు ఆయన ఇంకా కొత్త. అప్పటి కోచ్ మాటకు ఎదురు చెప్పే ధైర్యం లేక, వాచిన మోకాలికి గట్టి టేపు వేసి కోర్టులోకి పంపింది ఆయన చేతులే. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది ఆ మోకాల్లో. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, దెబ్బ తిన్న మోకాలితో ఇంకెవరినీ ఆడనివ్వనని ఆమె మీద ఒట్టు పెట్టి, కళ్ళు తుడుచుకున్న మనిషిని ఆమె తరవాత పెళ్ళాడింది.

గదిలో ఆయన సంచీ సర్దుకుంటున్నాడు. తెల్ల టేపు చుట్టలు, కత్తెర, ఐసు సంచులు.

“మిడత కాలు చూశారా?”

“చూశాను.”

“ఏముంది?”

“ఏముంటుంది?” ఆయన సంచీ జిప్పు లాగాడు. అది మధ్యలో ఇరుక్కుంది. “బాగానే ఉంది.”

“నావైపు చూసి చెప్పండి.”

ఆయన చూశాడు. నవ్వాడు కూడా. “నువ్వొక పని చెయ్యి. ఇవాళ్టికి కోచ్‌గా ఉండు, రేపొద్దున్న అక్కగా ఉందువు గాని. రెండు గుర్రాల మీద స్వారీ చేస్తే నడుము విరుగుతుంది.”

“నా నడుము సంగతి నేను చూసుకుంటాను. మీరు నాకు అబద్ధం చెప్పరుగా?”

“చెప్పను” అన్నాడాయన, మళ్ళీ జిప్పుతో కుస్తీ పడుతూ.

ఆమెకు ఆ మాట చాలు. ఈ ప్రపంచంలో కాళ్ళ విషయంలో తనకు అబద్ధం చెప్పకూడని మనిషి ఎవరైనా ఉంటే ఆయనొక్కడే. అది ఆయనకూ తెలుసు.

*

కోచక్క జట్టుకు ఒక అలవాటు ఉంది. అది ఇంకే జట్టుకూ లేదు.

మ్యాచ్‌కు ముందు పిల్లలంతా దుస్తుల గదిలో బెంచీ మీద వరసగా కూర్చోవాలి. బూట్లుండకూడదు, సాక్సులుండకూడదు, టేపుండకూడదు. మోకాలి పై దాకా బోసి కాళ్ళు. కోచక్క కింద కూర్చుని ఒక్కొక్కరి చీలమండా, ఒక్కొక్కరి మోకాలూ బొటనవేలితో నొక్కి చూస్తుంది. నొక్కుతూ కాళ్ళ వైపు చూడదు, ముఖాల వైపు చూస్తుంది. కాలు దాచినదాన్ని కళ్ళు దాచలేవని ఆమె నమ్మకం. అది అయ్యాకే ఫిజియో టేపు ముట్టుకోవాలి. ఊరికే జాగ్రత్తకు వేసేది పల్చటి తెల్ల టేపు. దెబ్బ తగిలిన కాలికి వేసేది మందపాటి మట్టిరంగు టేపు. మట్టిరంగు టేపు పడితే కోచ్‌కు చెప్పి తీరాలి.

మిగతా జట్ల కోచ్‌లు దీన్ని కాళ్ళ పెళ్ళిచూపులంటారు. “పిల్ల నచ్చిందా అమ్మా? కట్నమెంత?” అని కిటికీలోంచి తొంగిచూసి వేళాకోళాలాడిన వాళ్ళూ ఉన్నారు. కోచక్క లెక్కచేయలేదు. తన మోకాలిని ఆ రోజు ఎవరైనా ఇలా కింద కూర్చుని, ముఖంలోకి చూస్తూ ఒక్కసారి నొక్కి ఉంటే!

ఆ సాయంత్రం ఆమె మొదటి పిల్ల దగ్గర కూర్చుందో లేదో, తలుపు దబదబా బాదారు.

తల్లి. చంకలో చంటిది. చంటిదాని ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“సీసా నోట్లో పెట్టనివ్వడం లేదే. మందు వేస్తే కక్కేసింది. ఇంటి దగ్గర ఒక్కదాన్నీ ఏం చెయ్యను? నువ్వు కావాలి దానికి.”

“అమ్మా, ఇప్పుడా?”

“దానికి తెలుసా ఇప్పుడో అప్పుడో?”

చంటిది కోచక్కను చూసి రెండు చేతులూ చాచి, ఊపిరి బిగబట్టింది. పెదవులు నల్లబడేదాకా ఊపిరి తీసుకోకుండా బిగబట్టే పిల్ల అది. కోచక్క బెంచీ పట్టుకుని లేచింది. చెయ్యి చాచింది.

బెంచీ మీద పిల్లలంతా బోసి కాళ్ళతో చూస్తున్నారు. వరస చివర మిడత. దాని చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి.

“నువ్వెళ్ళు” అన్నాడు ఫిజియో. “కాళ్ళు నేను చూస్తాలే.”

“నేను వచ్చేదాకా ఆగండి.”

“వార్మప్‌కు పిలుస్తారు. నేను చూస్తానన్నాగా. ఒక్కసారికి నన్ను నమ్ము.”

ఆమె ఎన్నడూ ఆ పని ఇంకొకరి చేతుల్లో పెట్టలేదు. ఒక్క క్షణం గుమ్మంలో నిలబడింది. చంకలో పిల్ల, ఎదురుగా పిల్లలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వెళ్ళింది.

బంతులు పెట్టే కొట్టులో, వలసంచుల మధ్య, తిరగేసిన పెట్టె మీద కూర్చుని చంటిదానికి పాలిచ్చింది. అది తాగుతూ తాగుతూ ఎక్కిళ్ళు పెట్టింది. దాని వేడి చేతివేళ్ళు మెడకు తగులుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. నుదురు తడిమి చూసింది. పొద్దుటి మీద నయమా? అదే వేడా? ఏ తల్లికైనా తన అరచెయ్యే కొలత. భయం పట్టిన అరచేతికి అన్నీ నిప్పులాగే తగులుతాయి.

“పోతుందిలే. పళ్ళొచ్చే ముందు ఇలాగే కాస్తుంది” అంది తల్లి, తలుపుకు ఆనుకుని. పొద్దుటి కోపం గొంతులో లేదు. “నీకూ ఇలాగే కాసేది.”

“మిడతకు?”

“దానికి కాసిందో లేదో కూడా తెలియనిచ్చేది కాదు. చిన్నప్పటి నుంచీ అంతే. పన్నొచ్చాకే తెలిసేది.”

బయట విజిల్ మోగింది.

*

ఆట మొదటి నుంచీ నువ్వా నేనా అన్నట్టే సాగింది. కోర్టు చుట్టూ మెట్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ముందు వరసలో, మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకుని, జాతీయ జట్టు పెద్దలు. వాళ్ళ పక్కన క్లబ్బు సెక్రటరీ. ఆయన మొన్ననే నవ్వుతూ అన్నాడు, “ఈ మ్యాచ్ కూడా పోతే మీరు పాపతో హాయిగా ఇంటి పట్టున ఉండొచ్చమ్మా” అని. ఆ నవ్వు ఇప్పుడు ఆయన ముఖం మీద లేదు.

మిడత ఆడుతోంది. ఎలా ఆడుతోంది! బంతి దాని చేతికి పెంపుడు పిల్లిలా అంటుకుని తిరుగుతోంది. జనం ఒకటే కేకలు.

“బొంగరం! బొంగరం!”

ఒకప్పుడు ఆ కేక కోచక్క కోసం. ఎడమ కాలు నేలలో పాతినట్టు నిలిపి, దాని మీద ఒళ్ళంతా గిర్రున తిప్పి, అడ్డొచ్చినవాళ్ళను బొమ్మల్లా వెనక వదిలేసి బుట్ట కిందికి దూసుకుపోయేది. అలా తిరగడం ఆమె తరవాత ఎవరికీ చేతకాలేదు. కోచ్ అయ్యాక ముందు చెల్లెలికి నేర్పింది. తరవాత జట్టంతటికీ నేర్పింది. పొద్దున్నే, సాయంత్రం, మళ్ళీ మళ్ళీ తిప్పించింది. చూపుడువేలు పైకెత్తి గాల్లో సున్నా చుడితే చాలు, పిల్లలకు అర్థమైపోతుంది. బొంగరం తిప్పమని.

తన కాలు పోయినా తన ఆట పోలేదు. అదే ఆమె ధీమా.

ఆఖరి భాగం నడుస్తుండగా ఆమె కళ్ళు ఒకచోట చిక్కుకున్నాయి.

మిడత ఎగిరి బంతి వేసింది. కిందికి వచ్చింది. కుడికాలి మీద దిగింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ కుడికాలే. ఎడమకాలు నేలకు ఆనించడానికి జంకుతున్నట్టు, వేడి పెనం మీద పెడుతున్నట్టు మెల్లగా ఆనిస్తోంది.

ఎడమకాలి సాక్సు జారి ఉంది. సాక్సు పైన తెల్ల టేపు. తెల్ల టేపు అంచు కింద, సన్నని గీతలా, మట్టిరంగు.

కోచక్కకు చెవుల్లో జనం గోల ఆగిపోయింది.

చేతులు అడ్డంగా, నిలువుగా పెట్టి, ఆట కాసేపు ఆపమని టైమ్ అవుట్ అడిగింది. మిగిలిన ఒక్కటీ అదే. సెక్రటరీ ముందు వరసలో లేచి నిలబడ్డాడు.

పిల్లలు రొప్పుతూ చుట్టూ చేరారు. కోచక్క వాళ్ళను తప్పించుకుని వచ్చింది. మిడత ముందు నిలబడింది.

“సాక్సు దించు.”

“కోచ్, స్కోరు చూడు. ఒక్క బుట్ట వేస్తే ముందుకు పోతాం...”

“సాక్సు దించవే!”

మిడత దించలేదు. కోచక్క భర్త వైపు తిరిగింది. ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాడు.

“మట్టిరంగు టేపు. నాకు చెప్పకుండా.”

“చీలమండ కాస్త బెణికింది. అంతే.” ఆయన గొంతు తగ్గించాడు. “నొప్పి ఉంది గానీ ప్రమాదం లేదు. నాకు తెలియదా? నీకు చెబితే నువ్వు ఆడనివ్వవు. ఈ ఒక్క రోజు పోతే దాని చేతికి మళ్ళీ ఎప్పుడొస్తుంది?”

“మీరు. మీ చేతుల్తో. రెండోసారి.”

“బావని ఏమీ అనకు” అంది మిడత. “నేనే బతిమాలాను.”

“కూర్చో.”

“అక్కా!”

వారం తరవాత వచ్చిన అక్కా అన్న పిలుపు అది. ఇంకెప్పుడు వినిపించినా కోచక్క కరిగి నీరయ్యేది.

“అక్కా, వాళ్ళు నన్నే చూస్తున్నారు. నన్ను చూడ్డానికే వచ్చారు. ఇంకెంత? కొంచెమేగా. నీ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మ అన్నమాట నిజం చెయ్యకే.”

చుట్టూ పిల్లలు తలలు దించుకున్నారు. పైన మెట్ల మీద, జనం మధ్య, తల్లి చంటిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉంది. అంత దూరం నుంచి ఏమీ వినపడదు. అయినా అంతా విన్నట్టే చూస్తోంది.

కోచక్క వెనక్కి తిరిగి, బెంచీ చివర కూర్చున్న రెండు జడల పిల్లను పిలిచింది. ఈ ఏడే జట్టులోకి వచ్చిన పిల్ల. భయంతో దాని కళ్ళు పళ్ళేలయ్యాయి.

“నువ్వెళ్ళు.”

“నేనా కోచక్కా?”

“నువ్వే. నేర్పినట్టే ఆడు.”

విజిల్ మోగింది. అయిదుగురూ కోర్టులోకి వెళ్ళారు. జనంలోంచి మిడత కోసం ఈలలు, కోచ్ మీద తిట్లు వానలా పడ్డాయి. మిడత బెంచీ మీద కూలబడి మోచేతుల్లో ముఖం దాచుకుంది.

ఆట సాగుతోంది. కోచక్క ఆటకు వీపు పెట్టి చెల్లెలి ముందు నేల మీద కూర్చుంది. మడత పడని తన ఎడమ మోకాలిని పక్కకు చాపుకుని, చెల్లెలి పాదం ఒళ్ళోకి తీసుకుంది. సాక్సు లాగేసింది. ఫిజియో కత్తెర అందించాడు.

తెల్ల టేపు కోసింది. మట్టిరంగు టేపు కోసింది. రెండూ కలిపి ఒలిచేసింది.

కింద చీలమండ నున్నగా ఉంది. వాపు లేదు. కమిలిన మచ్చ లేదు. చంటిదాని కాల్లా ఉంది.

ఆమె బొటనవేలితో నొక్కింది. ముఖంలోకి చూసింది. మిడత కళ్ళు కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. ఏమీ లేదు.

“ఇదేమిటి?” అన్నాడు ఫిజియో. కింద కూర్చుని ఆయనా నొక్కాడు. “నిన్న ఇక్కడ ముట్టుకుంటే కెవ్వుమంది. ఇందాక టేపు వేస్తుంటే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఏమ్మా మరదలా?”

కోచక్క చెవుల్లో పొద్దుటి మెట్ల చప్పుడు మోగింది. ఒక అడుగు. ఆగడం. గోడకు అరచెయ్యి. అచ్చం నీ అడుగే అంది అమ్మ. అమ్మ చెవులు ముసలివి కాలేదు.

ఆమె చెయ్యి మెల్లగా పైకి జరిగింది. పిక్క దాటింది. మోకాటి చిప్ప మీద ఆగింది. నొక్కలేదు. ఊరికే అరచెయ్యి పెట్టి, కాలు కొంచెం వంచింది.

చిప్ప కింద ఇసుక నలిగినట్టయింది.

ఆ నలుగుడు ఆమెకు తెలుసు. రోజూ మంచం దిగేటప్పుడు తన కాల్లో విని లేస్తుంది.

మిడత పెదవి కొరుక్కుంది. కళ్ళలోంచి నీళ్ళు జారి అక్క చేతి మీద పడ్డాయి.

“కుంటుతుంటే బావ చూశాడు. మోకాలంటే ఆడనివ్వడు. నీ మీద ఒట్టు పెట్టుకున్నాడుగా. అందుకని చీలమండ అన్నాను. చీలమండ నొప్పంటే ఎవరూ పైకి చూడరు.”

ఫిజియో రెండు చేతులతో తల పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాడు.

“ఎప్పటి నుంచి?” అంది కోచక్క.

“పోనీ అక్కా.”

“ఎప్పటి నుంచే?”

“నువ్వు బాధపడతావు.”

“చెప్పు!”

మిడత తల ఎత్తింది. దాని ముఖంలో కోపం లేదు. ఇన్నాళ్ళూ అక్క మీద అలిగినదంతా ఏమైపోయిందో, జాలి మాత్రమే మిగిలింది.

“నువ్వు బొంగరం నేర్పినప్పటి నుంచి.”

కోచక్క చెయ్యి ఆ మోకాలి మీదే ఉంది.

“తిరిగినప్పుడల్లా లోపల ఏదో మెలిపడినట్టుండేది. నువ్వు నొక్కి చూసినప్పుడు నొప్పుండేది కాదు. అలవాటవుతుందిలే అనుకున్నాను. నువ్వు అంత ముచ్చటపడి నేర్పితే ఎలా చెప్పను? నీకు మిగిలింది అదొక్కటేగా అక్కా.”

ఇన్నేళ్ళూ ఆమె ఒక్క మనిషినే తిట్టుకుంది. ఆ రోజు టేపు వేయించి ఆడమన్న కోచ్‌ను. ఆయనే తన కాలు విరగ్గొట్టాడనుకుంది. టేపు పడే ముందే ఆ మోకాలు ఎందుకు వాచిందో ఏనాడూ ఆలోచించలేదు. వెయ్యిసార్లు ఆ ఒక్క కాలి మీదే గిర్రున తిరిగి, జనం ఈలలు విని, ఇంకోసారి తిరిగింది ఎవరు?

“మిగతా పిల్లలకు...” అంది.

మిడత కళ్ళు దించుకుంది. “నాతో ఇద్దరు చెప్పారు. నీతో చెప్పొద్దన్నారు.”

వెనక ఒక్కసారిగా జనం హోరెత్తారు. ఎవరు వేశారో, ఎవరికి పడిందో తెలియలేదు. కోచక్క లేవబోయింది. కాలు లేవనివ్వలేదు. బెంచీ అంచు పట్టుకుని, ఒక అడుగు, ఆగి, మళ్ళీ ఒక అడుగు, తిరిగి కోర్టు వైపు నిలబడింది.

స్కోరు బోర్డు మీద తన జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. గడియారంలో మిగిలింది ఒక్క దాడికే. ఆపడానికి టైమ్ అవుట్ లేదు. ఉన్నదాన్ని ఇందాకే వాడేసింది.

బంతి రెండు జడల పిల్ల చేతిలో ఉంది. ఎదురుగా ఇద్దరు అడ్డం నిలబడ్డారు. వాళ్ళను దాటి పోవాలంటే దారి ఒక్కటే. జనానికీ అది తెలుసు.

“బొంగరం! బొంగరం!”

సెక్రటరీ పిడికిళ్ళు బిగించి అరుస్తున్నాడు. జాతీయ జట్టు పెద్దలు ముందుకు వంగారు. మెట్ల మీద తల్లి, చంటిదాన్ని గుండెకు హత్తుకుని, కళ్ళు ఆర్పడం మానేసింది.

రెండు జడల పిల్ల ఒక చేత్తో బంతి కొట్టుకుంటూ, కోచక్క వైపు చూసింది. నేర్పినట్టే ఆడమంది కదా అక్క. దాని ముఖం నిండా నమ్మకం. రెండో చెయ్యి పైకెత్తి, చూపుడువేలితో గాల్లో చిన్న సున్నా చుట్టి, కళ్ళతోనే అడిగింది.

తిప్పనా, కోచక్కా?

అప్పటికే దాని ఎడమ కాలు నేలలో పాతుకుంటోంది.